ఆరు రంధ్రాలు కలిస్తే సరిపోతుందా?

తిరుపతి జిల్లా శ్రీసిటీ ఫ్యాక్టరీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్‌కీ, 2022లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన టయోటా హైలక్స్‌కీ చక్రం బిగించే చోట ఆరేసి స్టడ్లు ఉంటాయి. ఆ ఆరింటి మధ్యబిందువుల గుండా వృత్తం గీస్తే దాని వ్యాసం రెండు బళ్లలోనూ 139.7 మిల్లీమీటర్లే. టైరు షాపుల్లో, అలాయ్ వీల్స్ అమ్మే చోట అందరి నోటా నలిగే పీసీడీ అంటే ఈ కొలతే. పీసీడీ ఒకటే కాబట్టి దీని రిమ్ము దానికి పడుతుందని చెప్పేస్తారు. అందులో సగమే నిజం. హబ్ మధ్యలో గుండ్రంగా ముందుకు పొడుచుకొచ్చే భాగం హైలక్స్‌లో 106.1 మి.మీ., ఇసుజులో 100.1 మి.మీ. ఇసుజు రిమ్ము మధ్య రంధ్రం చిన్నది, అందుకని హైలక్స్ హబ్ మీదికి అసలు వెళ్లదు. హైలక్స్ రిమ్ము మాత్రం ఇసుజు హబ్ మీదికి తేలిగ్గా వెళ్లి, చుట్టూ 3 మి.మీ. ఖాళీ వదిలి కూర్చుంటుంది. మొదటి సందర్భంలో ప్రమాదమేమీ లేదు, చక్రం ఎక్కనే ఎక్కదు. ఆలోచించాల్సింది రెండోదాని గురించి. పికప్‌కు మారు చక్రం వెతికేటప్పుడు ఎక్కని చక్రం వల్ల నష్టం ఎప్పుడూ లేదు. ఎక్కి, నట్లు బిగిసి, నాలుగు రోజులు బాగానే తిరిగే చక్రంతోనే చిక్కు. కాబట్టి అడగాల్సింది రంధ్రాలు కలిశాయా అని కాదు. చక్రానికీ హబ్‌కూ మధ్య బిగింపు ఎంత బరువు మోసినా, ఎంత గట్టిగా బ్రేకు పడినా జారకుండా ఉంటుందా, బండి బరువు తయారీదారు లెక్కగట్టిన దారిలోనే నేలకు దిగుతుందా అని అడగాలి.

ముందు పీసీడీ సంగతే చూద్దాం, ఎందుకంటే అది కలవకపోతే మిగతా చర్చే అనవసరం. 139.7 అనే వింత అంకె వెనక రహస్యమేమీ లేదు, అది ఐదున్నర అంగుళాలు. 114.3 అంటే నాలుగున్నర, 165.1 అంటే ఆరున్నర. అంగుళాల కాలంలో స్థిరపడిన కొలతలు మిల్లీమీటర్ల కాలంలోకి అలాగే నడిచొచ్చాయి. ఫోర్డ్ వంటి సంస్థలు తర్వాత మిల్లీమీటర్ల పూర్ణాంకాలకు మారాయి: ఎఫ్-150కి 1997 నుంచి ఐదు స్టడ్లతో 135, 2004 నుంచి ఆరు స్టడ్లతో 135. ఆరు స్టడ్లున్న బండికి పీసీడీ కొలవడం చాలా సులువు. ఎదురెదురుగా ఉన్న రెండు స్టడ్ల మధ్య దూరమే పీసీడీ. పక్కపక్క స్టడ్ల మధ్య దూరం సరిగ్గా అందులో సగం ఉంటుంది, అంటే 139.7కి 69.85. ఐదు స్టడ్లయితే ఎదురెదురు జత దొరకదు కాబట్టి పక్కపక్క స్టడ్ల మధ్య దూరాన్ని 1.701తో గుణించాలి. ఇక్కడ పేరునో, కంపెనీనో, తయారైన ఏడాదినో నమ్ముకుంటే దెబ్బతింటాం. టయోటా టకోమా 2005 నుంచి 2015 దాకా వచ్చిన తరంలో మామూలు టూ వీల్ డ్రైవ్ బండికి ఐదు స్టడ్లు, 114.3, ఫోర్ వీల్ డ్రైవ్ బండికి ఆరు స్టడ్లు, 139.7. రామ్ 1500 మరీ విచిత్రం. 2019లో కొత్త తరం ఆరు స్టడ్లతో వచ్చింది, పాత తరాన్ని క్లాసిక్ అనే పేరుతో ఐదు స్టడ్లతోనే పక్కనే అమ్మారు. ఒకే ఏడాది, ఒకే కంపెనీ, దాదాపు ఒకే పేరు, అయినా ఒకదాని రిమ్ము ఇంకోదానికి పట్టదు. పోటీదారైన షెవర్లే సిల్వరాడో 1500 రిమ్ము మాత్రం కొత్త రామ్‌కు కొలతల్లో ఎంతో దగ్గర: అవే ఆరు స్టడ్లు, అదే 139.7, మధ్య రంధ్రం 78.1, రామ్ హబ్ 77.8. చుట్టూ మిగిలే ఖాళీ 0.15 మి.మీ. మాత్రమే. చుట్టరికాన్ని బట్టి చక్రాలు కలవవు.

పీసీడీ కాస్త తేడాగా ఉన్నా నట్టుతో లాగేస్తే సర్దుకుంటుందనే వాళ్లున్నారు. ఫోక్స్‌వాగన్ అమరోక్ మొదటి తరం పీసీడీ 120. షెవర్లే ఎస్-10 టూ వీల్ డ్రైవ్ పికప్‌ది 120.65, అంటే నాలుగూ ముప్పావు అంగుళాలు. తేడా వ్యాసంలో 0.65, ఒక్కో స్టడ్ దగ్గర చూస్తే మిల్లీమీటరులో మూడో వంతు. రిమ్ము ఎక్కుతుంది, నట్లూ తిరుగుతాయి. కానీ ప్రతి నట్టూ తన గుంటలో ఓ పక్కకే ఒరిగి కూర్చుంటుంది. స్టడ్ నిటారుగా సాగాల్సింది పోయి వంగుతూ సాగుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ ఆ వంపు మీదే బరువు పడి లేస్తుంది. లోహం అలసిపోయి తెగడానికి ఇంతకన్నా అనువైన ఏర్పాటు ఉండదు. ఐదో ఆరో మిల్లీమీటర్ల తేడా ఉంటే చక్రమే మొరాయిస్తుంది. అర మిల్లీమీటరు తేడా నోరు మెదపదు.

అసలు చక్రాన్ని హబ్‌కు పట్టి ఉంచేది ఏమిటి? బండి బరువంతా స్టడ్ల మీద వేలాడుతుందని చాలామంది ఊహ. అది నిజం కాదు. రెండు అరచేతుల మధ్య పుస్తకాన్ని నొక్కి పట్టుకుంటే వేళ్ల ఆధారం లేకుండానే అది జారకుండా ఉంటుంది. చక్రం కూడా హబ్ ముఖానికి అలా నొక్కుకుని, రాపిడి వల్లే నిలబడుతుంది. స్టడ్ల పని ఆ నొక్కుడును పుట్టించడం. హైలక్స్ తరగతి పికప్‌లో స్టడ్ 12 మి.మీ. మందం, నట్టు బిగింపు సుమారు 105 న్యూటన్ మీటర్లు. ఇంజినీర్లు వాడే మామూలు సూత్రంతో లెక్కగడితే ఒక్కో స్టడ్ దగ్గరా దాదాపు 44 వేల న్యూటన్ల నొక్కుడు, అంటే నాలుగున్నర టన్నులు, పుడుతుంది. ఆరింటికీ కలిపి 26 టన్నుల పైమాటే. పొడి లోహాల మధ్య రాపిడి గుణకం 0.15 నుంచి 0.25 దాకా అనుకుంటే, చక్రం హబ్ మీద జారడానికి నాలుగు నుంచి ఆరున్నర టన్నుల బలం కావాలి. సామానుతో నిండిన బండిలోనూ ఒక్కో చక్రం మీద పడేది టన్ను లోపే కదా, ఇంత పట్టు ఉండగా భయమేమిటి అనిపిస్తుంది. బరువు ఒక్కటే అయితే నిజంగానే భయం లేదు. బ్రేకు దగ్గర లెక్క తారుమారవుతుంది. టైరు నేలను పట్టే చోటు చక్రం మధ్యకు దాదాపు 39 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. స్టడ్లు మధ్యకు ఏడు సెంటీమీటర్లలోనే ఉంటాయి. నేల దగ్గరి బలం స్టడ్ల వృత్తానికి చేరేసరికి అయిదున్నర రెట్లవుతుంది. ముందు చక్రం 700 కిలోల బలంతో నేలను పట్టి ఆపిందనుకుంటే స్టడ్ల వృత్తం దగ్గర దాదాపు 3.9 టన్నులు. పైన వేసిన లెక్కలో కనీస పట్టు కూడా దాదాపు అంతే. ఎంతో విశాలమని కనిపించిన వెసులుబాటు ఇంతే! బిగింపు సగానికి పడిపోతే అది కూడా ఉండదు. బరువు మోసే పికప్‌లకు పెద్ద పీసీడీ, ఎక్కువ స్టడ్లు ఎందుకు పెడతారో దీన్నిబట్టి తెలుస్తుంది. ఫోర్డ్ సూపర్ డ్యూటీకి 170 మి.మీ. వృత్తం మీద ఎనిమిది స్టడ్లు ఉండటం హంగు కోసం కాదు.

జారితే ఏమవుతుంది, మళ్లీ పట్టుకుంటుంది కదా అనొచ్చు. జర్మన్ ఇంజినీరు గెర్హార్డ్ యుంకర్ 1969లో ప్రచురించిన పరిశోధన దీనికి జవాబు. నట్టు వదులవడానికి కంపనం మాత్రమే కారణమని అంతకుముందు అనుకునేవారు. బోల్టు నిడివి దిశలో లాగి వదిలితే నట్టు అంతగా కదలదనీ, బిగించిన రెండు భాగాలు అడ్డంగా అటూ ఇటూ జారితే మాత్రం నట్టు దానంతటదే వెనక్కి తిరిగిపోతుందనీ ఆయన యంత్రం మీద చూపించాడు. అడ్డంగా జారే క్షణంలో మరల మధ్య రాపిడి నట్టు తిరిగే దిశకు కూడా అడ్డు నిలవలేదు. లోపల సాగి ఉన్న బోల్టు నట్టును వెనక్కి నెట్టేస్తుంది. కొద్దిగా వదులవగానే మరింత జారుతుంది, జారిన కొద్దీ ఇంకా వదులవుతుంది. చక్రం ఊడిపోవడమనేది ఒక్క దెబ్బతో జరిగే సంగతి కాదు, పేరుకుంటూ వచ్చే సంగతి. మారు చక్రం నప్పుతుందా లేదా అన్న ప్రశ్నలో ఎక్కువ భాగం ఆ మొదటి జారుడును రానివ్వకపోవడమే.

ఇప్పుడు ఆ 3 మి.మీ. ఖాళీ దగ్గరికి వద్దాం. చక్రాన్ని పట్టి ఉంచేది రాపిడే అయితే హబ్ మధ్య భాగం కలవకపోతే నష్టమేమిటి అని అడగడం న్యాయమే. బరువు మోయడంలో దానికి పెద్ద పాత్ర లేదన్న మాట ఒప్పుకోవాలి. దాని పని బిగించేటప్పుడు చక్రాన్ని సరిగ్గా మధ్యలో నిలపడం. అది లేకపోతే ఆ పని కోన్ ఆకారపు నట్లు చెయ్యాలి. బండిని జాకీ మీద లేపి, ఎదురెదురు నట్లను కొద్దికొద్దిగా బిగిస్తూ వస్తే అవి చేయగలవు కూడా. పంక్చర్ షాపులో హడావుడిగా గాలి గన్నుతో ఒక నట్టును పూర్తిగా బిగించి పక్క నట్టుకు వెళ్తే మాత్రం చక్రం ఓ పక్కకు జరిగి అలాగే బిగుసుకుంటుంది. స్టీరింగ్ వణుకుతుంటే వీల్ బ్యాలెన్సింగ్ చేయించి, అలైన్‌మెంట్ చేయించి, చివరికి టైర్లను తిట్టుకునే వాళ్లు ఈ సంగతి చూసుకోరు. ఖాళీని పూడ్చే సెంట్రింగ్ రింగులు దొరుకుతాయి. అవి ప్లాస్టిక్‌వైతే నమ్మొచ్చా అనే అనుమానం చాలామందిది. వాటి మీద బండి బరువు పడదు కాబట్టి చక్రాన్ని మధ్యలో నిలపడానికి ప్లాస్టిక్ కూడా చాలు. బ్రేకుల వేడిని దృష్టిలో పెట్టుకుంటే పికప్‌కు అల్యూమినియం రింగు మేలు.

నా దృష్టిలో ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది నట్టు. నట్టు బిగించేటప్పుడు మనం పెట్టే బలంలో స్టడ్‌ను సాగదీయడానికి ఉపయోగపడేది పదో వంతే. దాదాపు సగం నట్టుకూ రిమ్ముకూ మధ్య రాపిడిలో, మిగతాది మరల రాపిడిలో ఖర్చవుతుంది. అంటే నట్టు కూర్చునే గుంట ఆకారం మారితే, టార్క్ రెంచ్ అదే అంకె చూపిస్తున్నా లోపల పుట్టే నొక్కుడు మారిపోతుంది. గుంటల్లో మూడు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి: 60 డిగ్రీల కోన్, బంతిలా గుండ్రటిది, వాషరు కూర్చునే చదునైనది. టయోటా తన పికప్‌ల అలాయ్ రిమ్ములకు చాలాకాలంగా చదును వాషరుతో, రంధ్రంలోకి దిగే గొట్టం లాంటి మెడతో ఉన్న నట్లు వాడుతూ వస్తోంది. బయట మార్కెట్లో దొరికే అలాయ్‌లు ఎక్కువగా కోన్ గుంటలవి. రిమ్ములు కొని పాత నట్లే బిగిస్తే చదును వాషరు కోన్ అంచు మీద సన్నటి గీతలా ఆనుతుంది. మొదట గట్టిగానే అనిపిస్తుంది. ఆ సన్నటి అంచు దగ్గర అల్యూమినియం నలిగి లోపలికి దిగేసరికి, వెంట్రుకవాసి అయినా సరే, స్టడ్‌లోని సాగుదల తగ్గి బిగింపు పోతుంది. మరల సంగతీ అంతే. ఎఫ్-150లో 2014 వరకూ 14 మి.మీ. స్టడ్ మీద మరకూ మరకూ మధ్య 2 మి.మీ. ఉండేది, 2015 నుంచి అది 1.5 మి.మీ. అయింది. పీసీడీ, మధ్య రంధ్రం మారలేదు కాబట్టి రిమ్ము అటూ ఇటూ పడుతుంది, నట్లు పట్టవు. రెండు చుట్లు తిరిగి ఆగిన నట్టును గన్నుతో తోసేస్తే స్టడ్ పాడవడం ఖాయం. రిమ్ము వెనక ముఖం మీద మందంగా వేసిన రంగు కూడా ఇలాగే వేడికీ ఒత్తిడికీ నలిగి బిగింపును తినేస్తుంది. పాత రిమ్ములకు రంగు వేయించి అమ్మేవాళ్ల దగ్గర ముందు చూడాల్సింది ఆ వెనక భాగమే, మెరిసే ముందు భాగం కాదు.

ఇంతవరకూ చక్రం జారకుండా ఉండటం గురించి. బరువు దిగే దారి ఇంకో విషయం, దాన్ని నిర్ణయించేది ఆఫ్‌సెట్. రిమ్ము వెడల్పుకు సరిగ్గా మధ్యగా గీత గీస్తే, హబ్‌కు ఆనే ముఖం ఆ గీతకు ఎంత బయటికి ఉందో చెప్పే కొలత అది. ప్లస్ అంకె పెద్దదైతే చక్రం బండి లోపలికి, చిన్నదైతే బయటికి. హైలక్స్ రిమ్ములు ప్లస్ 30 దగ్గర, ఫోర్డ్ రేంజర్ రిమ్ములు ప్లస్ 55 దగ్గర ఉంటాయి. రెండింటి పీసీడీ ఒకటే. రేంజర్ హబ్ 93.1 మి.మీ. కాబట్టి హైలక్స్ రిమ్ము ఎక్కుతుంది కూడా. ఎక్కితే ఒక్కో చక్రం 25 మి.మీ. బయటికి జరుగుతుంది. వెడల్పు కూడా మారితే లెక్క ఇంకో మలుపు తిరుగుతుంది. ఏడున్నర అంగుళాల వెడల్పు, ప్లస్ 30 ఉన్న రిమ్ము తీసేసి, తొమ్మిది అంగుళాల వెడల్పు, సున్నా ఆఫ్‌సెట్ ఉన్న రిమ్ము వేశారనుకోండి. వెడల్పు పెరగడం వల్ల రెండు పక్కలా 19 మి.మీ. చొప్పున వస్తుంది, ఆఫ్‌సెట్ వల్ల మొత్తం 30 బయటికి జరుగుతుంది. బయటి అంచు 49 మి.మీ. ముందుకొస్తుంది, లోపలి అంచు 11 మి.మీ. దూరమవుతుంది. లోపల తగలడం లేదు కాబట్టి బాగుందని షాపులో సంబరపడతారు. టైరు మధ్యగీత 30 మి.మీ. బయటికి పోయిన సంగతి బేరింగులకు తెలుస్తుంది. రెండు బేరింగులూ పంచుకునేలా లెక్కగట్టిన బరువు పక్కకు జరిగి, వాటిని వంచే బలం పెరుగుతుంది. ముందు చక్రాలు స్టీరింగ్ తిరిగే అక్షం నుంచి మరింత దూరమై, గుంతలో పడినప్పుడల్లా స్టీరింగ్‌ను చేతుల్లోంచి లాగేస్తాయి. వెడల్పుగా నిలబడితే బండి మలుపుల్లో స్థిరంగా ఉంటుందనే వాదనలో కొంత నిజముంది. ఆ కొంతకోసం బేరింగు, బాల్‌జాయింటు ఆయుష్షు ఖర్చుపెడుతున్నామని కూడా తెలిసి ఉండాలి.

పికప్ కారు కాదు, సామాను మోసే బండి. ఈ చిన్న విషయం రిమ్ము కొనేటప్పుడు గుర్తుండదు. మంచి రిమ్ము మీద అది మోయగల గరిష్ఠ బరువు పోతపోసి ఉంటుంది. బండి వెనక ఇరుసుకు అనుమతించిన బరువులో సగానికి ఆ అంకె తగ్గకూడదు. ముందూ వెనకా సమానంగా పంచుకుని మొత్తం బరువును నాలుగుతో భాగిస్తే పికప్ విషయంలో తప్పు లెక్క వస్తుంది, ఎందుకంటే ట్రేలో వేసిన బరువు చాలావరకు వెనక్కే చేరుతుంది. జపాన్ ప్రమాణాల్లో కార్ల రిమ్ములకు జేడబ్ల్యూఎల్, ట్రక్కులూ బస్సుల రిమ్ములకు జేడబ్ల్యూఎల్-టీ అని వేర్వేరు గుర్తులున్నది ఇందుకే. ఈ లెక్కన చూస్తే హైలక్స్‌తో ఒకే వేదిక మీద తయారైన ఫార్చ్యూనర్ రిమ్ము మంచి అభ్యర్థి, పీసీడీ, మధ్య రంధ్రం రెండూ కలుస్తాయి, మోసే బరువు చూసుకుంటే చాలు. అదే కుటుంబంలోని ఇన్నోవాది ఐదు స్టడ్ల 114.3 కాబట్టి పక్కన పెట్టేయొచ్చు. బ్రేక్ కాలిపర్‌కు తగలకుండా ఉండటం కూడా చూడాలి గానీ, అది కాగితం మీద తేలదు. ఒక రిమ్ము బిగించి చేత్తో తిప్పి చూడటమే దారి.

టైరు ఎత్తు విషయం త్వరగా ముగించొచ్చు. 265/65 ఆర్17 టైరు పూర్తి వ్యాసం 776 మి.మీ., 265/60 ఆర్18ది 775. రిమ్ము ఓ అంగుళం పెరిగినా చక్రం ఎత్తు మారలేదు. అదే 17 అంగుళాల రిమ్ముకు 285/70 టైరు వేస్తే 831 మి.మీ., ఏడు శాతం పెద్దది. మీటరు 100 అన్నప్పుడు బండి ముందుకంటే ఏడు శాతం ఎక్కువ దూరం పోతుంటుంది. పైన చెప్పిన బ్రేకు లెక్కలో నేలకూ మధ్యకూ ఉన్న దూరం కూడా అంతే పెరుగుతుంది, స్టడ్ల వృత్తం మీద బలమూ అంతే. రిమ్ముల లోపం టైర్ల ఖాతాలోనూ, టైర్ల భారం నట్ల ఖాతాలోనూ పడుతుందన్నమాట.

ఊళ్లో ఎంతమంది వేరే రిమ్ములు వేసుకుని తిరగడం లేదు, ఏమైంది అనే మాట ఎప్పుడూ వినిపిస్తుంది. ఏమీ కానివాళ్లు కళ్ల ముందు తిరుగుతుంటారు. అయినవాళ్ల బండి షెడ్డులో ఉంటుంది. పైగా ఖాళీ ట్రేతో నగరంలో తిరిగే పికప్‌కు బిగింపులో ఉంచిన ఆ వెసులుబాటు ఎప్పటికీ అవసరం పడకపోవచ్చు. అది ఉంచింది నిండు బరువుతో ఘాట్ రోడ్డు దిగే రోజు కోసం. పీసీడీ మార్చే అడాప్టర్లు ఉన్నాయి కదా అన్నది మరో మాట. గట్టి లోహంతో, హబ్‌కూ రిమ్ముకూ సరిగ్గా కూర్చునేలా చేసినవి పనిచేస్తాయి. కానీ ఒక బిగింపు ఉన్నచోట రెండు వస్తాయి, అందులో లోపలిది రిమ్ము తీస్తే గానీ కనిపించదు, అడాప్టర్ మందమంతా ఆఫ్‌సెట్‌లోంచి పోతుంది. సరిపోయే రిమ్ము దొరికే అవకాశం ఉన్నప్పుడు అడాప్టర్ జోలికి పోవడం తెలివైన పని కాదు. అలాగని కంపెనీ షోరూమ్ రిమ్ము తప్ప వేరేది కొనకూడదనడం కూడా అతి. సిల్వరాడో, రామ్‌ల ఉదాహరణ ముందే చూశాం. కొలతలకు కంపెనీల హద్దులు పట్టవు.

కొనే ముందు బండి తలుపు దగ్గరి స్టిక్కర్ మీదున్న టైరు కొలతలు, బండి పుస్తకంలోని ఇరుసు బరువు, పాత రిమ్ము వెనక పోతపోసిన అంకెలు రాసుకోవాలి. తర్వాత పీసీడీ, మధ్య రంధ్రం, ఆఫ్‌సెట్, మోసే బరువు, నట్టు గుంట అనే వరసలో పోల్చుకుంటూ పోతే ఎక్కడో ఓ చోట నప్పనివి రాలిపోతాయి. కొత్త రిమ్ములు బిగించాక 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగి, చక్రాలు చల్లబడ్డాక టార్క్ రెంచ్‌తో మళ్లీ బిగించాలి. మొదటి ప్రయాణంలో గుంటలు కాస్త నలిగి బిగింపు తగ్గే ఉంటుంది. స్టెప్నీని ఎవరూ పట్టించుకోరు. నాలుగు అలాయ్‌లు మార్చినా కింద వేలాడేది పాత స్టీలు రిమ్మే. కొత్త అలాయ్‌ల కోసం కొన్న నట్లు దానికి సరిపోకపోతే, దారిలో పంక్చరైన రోజు ఆ నట్లతో స్టెప్నీ బిగించడానికి కుదరదు. దానికి తగిన ఆరు నట్లు, పాతవైనా సరే, జాకీ సంచీలో పెట్టి ఉంచాలి. ఎత్తు వేరైన స్టెప్నీ వేసుకుని ఫోర్ వీల్ డ్రైవ్ వేస్తే గట్టి రోడ్డు మీద ముందూ వెనకా ఇరుసులు వేర్వేరు వేగాలతో తిరగబోయి, రెంటినీ కలిపే ట్రాన్స్‌ఫర్ కేసు గేర్లను మెలిపెడతాయి. పంక్చర్ అతికించే దాకా టూ వీల్ డ్రైవ్‌లోనే నడపాలి.